బ్రయాన్ మే: ఇంట్లో చేసిన గిటార్ నుంచి క్వీన్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గిటారిస్టు బ్రయాన్ మే ఎవరి పాటలు వింటూ పెరిగాడు, ఇంట్లో చేసుకున్న గిటార్ ఎలా తయారైంది, బృందం దాకా ఎలా చేరాడు అని చాలామంది అడుగుతుంటారు. వాటికి జవాబులు ఇక్కడ ఉన్నాయి. గిటార్ వాయించేవాళ్లకూ, చెక్కపని, సోల్డరింగ్ తెలిసినవాళ్లకూ ఉపయోగపడాలని కొలతలు, కారణాలు కూడా ఇచ్చాం.

ఇంట్లో సంగీత వాతావరణం ఉండేదా?

ఉండేది, కానీ అది కచేరీలు చేసే కుటుంబం కాదు. బ్రయాన్ 1947 జూలై 19న లండన్‌కు నైరుతిగా ఉన్న హాంప్టన్ హిల్‌లో పుట్టాడు, పక్కనున్న ఫెల్తమ్‌లో పెరిగాడు. తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. తండ్రి హెరాల్డ్ విమానయాన మంత్రిత్వశాఖలో డ్రాఫ్ట్స్‌మన్. ఎలక్ట్రానిక్స్, చెక్కపని రెండూ చేతిలో ఉన్న మనిషి. ఇంట్లో పియానో ఉండేది, హెరాల్డ్ ఉకులేలీ-బాంజో వాయించేవాడు. కొడుక్కి మొదట నేర్పింది అదే.

ఈ ఉకులేలీ సంగతిని చాలామంది దాటేస్తారు కానీ అసలు పునాది అక్కడే పడింది. ఉకులేలీ నాలుగు తీగల మధ్య ఉండే స్వరాల దూరాలూ, గిటార్‌లో సన్నటి నాలుగు తీగల మధ్య ఉండే దూరాలూ ఒకటే. కాబట్టి ఉకులేలీ మీద పట్టుకున్న కార్డ్ ఆకారాలు (కొన్ని స్వరాలు కలిపి మోగించడానికి వేళ్లు పెట్టే తీరు) గిటార్ మీద అలాగే పనిచేస్తాయి. శ్రుతి మాత్రమే మారుతుంది. ఏడో పుట్టినరోజుకు ఎగ్మండ్ కంపెనీ అకౌస్టిక్ గిటార్ చేతికి వచ్చేసరికి, కొత్తగా నేర్చుకోవాల్సింది కింది రెండు లావు తీగల పని మాత్రమే.

పియానో కూడా నేర్చుకున్నాడు. పరీక్షల్లో గ్రేడ్ 4 దాకా వచ్చి మానేశాడు.

ఎవరి ప్రభావం ఎక్కువ?

పేర్లు చెప్పడం తేలికే. లోనీ డొనెగన్, ఎవర్లీ బ్రదర్స్, బడీ హాలీ అండ్ ద క్రికెట్స్, షాడోస్ బృందంలో హ్యాంక్ మార్విన్, తర్వాత బీటిల్స్, ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్, పీట్ టౌన్‌షెండ్, జిమి హెండ్రిక్స్. ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడన్నదే ఆసక్తికరమైన విషయం.

డొనెగన్ స్కిఫిల్ పద్ధతిలో మూడు నాలుగు కార్డులతో పాట మొత్తం నడిచిపోతుంది. ఖరీదైన వాయిద్యాలు అక్కర్లేదు. 1950ల చివర్లో బ్రిటన్‌లో వేలమంది పిల్లలు గిటార్ పట్టుకోవడానికి కారణం అదే, బ్రయాన్ కూడా వాళ్లలో ఒకడు.

హ్యాంక్ మార్విన్ దగ్గర నేర్చింది రాగాన్ని పాడినట్టు వాయించడం. షాడోస్ ఎక్కువగా వాద్య సంగీతం చేసేవాళ్లు. గాయకుడు లేని చోట గిటారే పాడాలి, అందుకే ప్రతి స్వరానికీ మొదలు, చివర ఉంటాయి, మధ్యలో ట్రెమొలో ఆర్మ్‌తో (తీగల బిగువు మార్చి స్వరాన్ని ఊపే కడ్డీ) చిన్న ఊపు ఉంటుంది. బ్రయాన్ సోలోల్ని గొంతుతో హమ్ చేయగలం. వేగం చూపించడానికి వేసిన స్వరాలు అందులో తక్కువ.

మూడోది, మా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది: గొంతుల హార్మనీ, అంటే వేర్వేరు స్వరాలు పాడే గొంతులు ఒకేసారి కలవడం. ఎవర్లీ సోదరులు రెండు గొంతులతో, క్రికెట్స్ వెనుక కోరస్‌తో పాడిన రికార్డులు పదేపదే వింటూ, ఏ గొంతు ఏ స్వరం దగ్గర ఉంది, ఎక్కడ దగ్గరకొస్తోంది, ఎక్కడ విడిపోతోంది అని విడదీసేవాడు. తర్వాత క్వీన్ రికార్డుల్లో మనం వినే గిటార్ బృందగానం, అంటే ఒకే మనిషి ఒక్కో స్వరవరుసను విడిగా రికార్డు చేసి పేర్చడం, ఈ వినికిడి నుంచే వచ్చింది. గిటార్ ఫైర్‌ప్లేస్ చెక్కతో చేశాడన్న కథ అందరికీ తెలుసు. రికార్డుల ముందు కూర్చుని గొంతుల్ని విడదీసిన గంటల గురించి ఎవరూ మాట్లాడరు. ఆ గిటార్ నకలు కొన్నవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, ఆ హార్మనీ రాయగలిగినవాళ్లు అరుదు.

క్లాప్టన్, బెక్‌ల ప్రభావం కొంచెం తర్వాతది. వాళ్లిద్దరూ వాయించిన యార్డ్‌బర్డ్స్ బృందంలో జిమ్ మెకార్టీ, పాల్ సామ్‌వెల్-స్మిత్ బ్రయాన్ చదివిన హాంప్టన్ గ్రామర్ స్కూల్ విద్యార్థులే, అతనికి సీనియర్లు. తమ బడి పిల్లలే రికార్డులు చేస్తుంటే, అదేమీ అందని లోకం కాదని తోస్తుంది కదా.

గిటార్ సొంతంగా ఎందుకు చేసుకున్నాడు?

డబ్బు లేక. అమెరికా నుంచి దిగుమతయ్యే ఫెండర్, గిబ్సన్ గిటార్లు ఆ ఇంటి స్థోమతకు మించినవి. ఎగ్మండ్ మీదే ముందు ప్రయోగాలు చేశాడు. తీగలు ఆనుకునే బ్రిడ్జ్‌ను అరగదీసి తీగల ఎత్తు తగ్గించాడు, చిన్న అయస్కాంతాలకు రాగి తీగ చుట్టి, తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్ చేశాడు. అది పనిచేసింది. ఆ ధైర్యంతో 1963 ఆగస్టులో తండ్రీకొడుకులు పూర్తి ఎలక్ట్రిక్ గిటార్ మొదలుపెట్టారు. బ్రయాన్‌కు అప్పుడు 16 ఏళ్లు. పని దాదాపు రెండేళ్లు పట్టింది, ఖర్చు సుమారు 8 పౌండ్లు.

వీళ్లకిది మొదటి పెద్ద పనేం కాదు. అంతకుముందే ఇద్దరూ కలిసి 4 అంగుళాల న్యూటోనియన్ టెలిస్కోప్ చేశారు. కొలత తప్పితే పరికరం పనికిరాదని అప్పటికే తెలుసు.

రెడ్ స్పెషల్ అని పేరుపడ్డ ఆ గిటార్‌లో ఏ భాగం దేనితో చేశారు?

నెక్: 18వ శతాబ్దపు ఫైర్‌ప్లేస్ చుట్టూ ఉండే చట్రంలోని మహాగని చెక్క. పురుగు తొలిచిన బెజ్జాలుంటే అగ్గిపుల్లలతో పూడ్చారు. నెక్ మామూలు గిటార్లకన్నా లావు, వెడల్పు.

ఫింగర్‌బోర్డ్: ఓక్ చెక్క, పైన నల్లటి ప్లాస్టిక్ పూత. దూరం నుంచి ఎబొనీలా కనిపిస్తుంది. చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. 7, 19 ఫ్రెట్ల (స్వరాల చోట్లు చూపే అడ్డ లోహపు పట్టీలు) దగ్గర రెండేసి, 12, 24 దగ్గర మూడేసి చుక్కలు ఉంటాయి.

బాడీ: మధ్యలో పాత బల్లనుంచి తీసిన ఓక్ దిమ్మ, చుట్టూ చెక్క ముక్కలు అతికించి చేసిన పలక (blockboard), పైనా కిందా మహాగని వెనీర్, అంటే పలచటి చెక్క పొర. లోపల కొంత ఖాళీ గదులు ఉంటాయి. అవి పొరపాటున వచ్చినవి కావు. ఆంప్ (శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్) నుంచి వచ్చే శబ్దానికి బాడీ స్పందించి, స్వరం ఆగకుండా మోగుతూ ఉండాలని కావాలనే అలా వదిలారు. ఎఫ్ ఆకారం రంధ్రం కూడా పెడదామనుకున్నారు, పెట్టలేదు. అంచు చుట్టూ ఉన్న తెల్ల బద్దీ షెల్ఫులకు అతికించే ప్లాస్టిక్ పట్టీ.

స్కేల్ పొడవు, అంటే మోగే తీగ పొడవు, 24 అంగుళాలు. ఫెండర్‌లో అది 25.5. పొడవు తగ్గితే అదే శ్రుతికి తీగ బిగువు తగ్గుతుంది, లెక్క ప్రకారం దాదాపు 11 శాతం. సన్నటి తీగలు కూడా తోడైతే బెండ్, అంటే తీగను పక్కకు లాగి స్వరం పెంచడం, చాలా తేలిక. ఆ గొంతులాంటి వంపుల వెనుక ఈ లెక్క ఉంది.

ట్రెమొలో అంత వాడినా శ్రుతి ఎందుకు తప్పదు?

రాపిడి ఎక్కడెక్కడ ఉంటుందో ముందే ఆలోచించి తీసేశారు కాబట్టి. ట్రెమొలో ఉన్న గిటార్ శ్రుతి తప్పేది ప్రధానంగా మూడు చోట్ల: తిరిగే ఇరుసు దగ్గర, బ్రిడ్జ్ దగ్గర, నట్ (నెక్ పైకొసన తీగలు కూర్చునే గాళ్ల పట్టీ) దగ్గర. ఆర్మ్ నొక్కి వదిలాక తీగ ఎక్కడైనా కాస్త పట్టేస్తే మళ్లీ పాత బిగువుకు రాదు.

ఇరుసుకు గట్టిపరచిన ఉక్కు కత్తి అంచు వాడారు. పలక ఆ పదును మీద ఊగుతుంది, తగిలే చోటు గీతంత సన్నం. తీగల లాగుడుకు ఎదురుగా 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు రెండు. బిగువు మార్చుకోవడానికి స్ప్రింగుల మధ్యనుంచి మరలు పెట్టారు. బ్రిడ్జ్‌లో తీగ ఒక్కోదానికి ఒక చిన్న రోలర్, తీగ జరిగితే రోలర్ తిరుగుతుంది. పైన జీరో ఫ్రెట్ ఉంది: తీగ ఎత్తును అది నిర్ణయిస్తుంది, నట్ తీగల మధ్య ఎడం మాత్రం చూసుకుంటుంది. తల భాగం వంపు కూడా తక్కువ, కాబట్టి తీగ అక్కడ గట్టిగా ఒరుసుకోదు.

ఆర్మ్ సైకిల్ సీటు సంచీ తగిలించే కడ్డీ. దాని కొసన తల్లి అల్లికసూది ముక్క.

మీ గిటార్ ట్రెమొలో శ్రుతి తప్పుతుంటే ఇదే వరుసలో చూడండి. ముందు నట్ గాడి: తీగ తిప్పుతున్నప్పుడు టిక్కుమని శబ్దం వస్తే గాడి ఇరుకు. దాన్ని సన్నగా ఆకురాయితో సరిచేసి, పెన్సిల్ గ్రాఫైట్ పూయండి. తర్వాత ఇరుసు అంచు మొద్దుబారిందేమో చూడండి. స్ప్రింగుల్ని చివర్లో ముట్టుకోండి. చాలామంది ముందు వాటినే బిగించి ఉన్న సమస్యను పెంచుకుంటారు.

పికప్‌లు కూడా ఇంట్లో చేసినవేనా?

మొదట అంతే. ఎక్లిప్స్ బటన్ అయస్కాంతాలు తెచ్చి, రాగి తీగ చుట్టడానికి చిన్న యంత్రం కూడా చేసుకున్నాడు. శబ్దం బాగానే వచ్చింది, కానీ తీగను పక్కకు లాగి బెండ్ చేస్తే స్వరం వికారంగా మారేది. తీగ ఒక ధ్రువం మీదనుంచి జరిగి పక్క ధ్రువం ప్రభావంలోకి వెళ్లడమే కారణం. బెండ్లే ప్రాణమైన వాయింపుకు అది కుదరదు. అందుకే మూడు బర్న్స్ ట్రై-సోనిక్ పికప్‌లు కొన్నాడు. ఆ గిటార్‌లో డబ్బు పెట్టి కొన్న ముఖ్య భాగాలవే.

కొన్నాక లోపల అరాల్డైట్ జిగురు పోసి గట్టిపరిచాడు. ఇది అవసరం. కాయిల్ చుట్లు వదులుగా ఉంటే పెద్ద శబ్దానికి అవే కంపించి కీచుమంటాయి, సంగీతానికి పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ బదులు మైక్ కూతలాంటిది వస్తుంది. ఈ రోజుల్లో మైనం వాడటం మేలు: అరాల్డైట్ గట్టిపడ్డాక లోపల తీగ తెగితే ఆ పికప్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం.

ఆరు స్విచ్‌లు ఎందుకు? అవి ఏం చేస్తాయి?

ఒక్కో పికప్‌కు రెండు: ఒకటి ఆన్-ఆఫ్, రెండోది ఫేజ్ మార్చేది, అంటే సిగ్నల్‌ను తిరగేసేది. వాల్యూమ్, టోన్ మొత్తానికీ ఒక్కొక్కటే. పికప్‌లు సిరీస్‌లో కలిపి ఉంటాయి, ఒకదాని సిగ్నల్ మరోదానికి తోడవుతుంది. ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్‌లో ఉన్నట్టు ప్యారలల్‌గా కలిపితే ఆ దిట్టం రాదు. నకలు చేసేవాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: ట్రై-సోనిక్‌లు కొంటారు, మామూలు ఐదు స్థానాల స్విచ్‌కు కలుపుతారు, శబ్దం పలచగా ఉందని నిరాశపడతారు.

విడివిడిగా వినిపించే కలయికలు 13. ఒక్కో పికప్ విడిగా 3, రెండేసి కలిపితే ఫేజ్‌తో సహా 6, మూడూ కలిపితే 4. ఒక్క పికప్ మాత్రమే ఆన్‌లో ఉన్నప్పుడు ఫేజ్ స్విచ్ వేసినా తేడా వినిపించదు, అది పాడైనట్టు కాదు.

బ్రయాన్ ఎక్కువగా వాడేది బ్రిడ్జ్, మధ్య పికప్‌లు ఒకే ఫేజ్‌లో. నెక్, మధ్య పికప్‌లు ఎదురు ఫేజ్‌లో పెడితే రెండిటికీ ఉమ్మడిగా ఉన్న కింది స్థాయి శబ్దం రద్దయి, పైస్థాయి మాత్రం మిగిలి కేకలా వస్తుంది. శబ్దం చిన్నదవుతుంది కాబట్టి ఆంప్ బాగా పెంచి ఉంటేనే ఇది అందంగా ఉంటుంది.

నాణెంతో వాయిస్తాడట, నిజమేనా? మన నాణేలు పనికొస్తాయా?

నిజమే. ప్లాస్టిక్ ప్లెక్ట్రమ్‌కు బదులు బ్రిటిష్ సిక్స్‌పెన్స్. 19.4 మిల్లీమీటర్ల వెడల్పు, రాగి-నికెల్ మిశ్రమం, అంచున గీతలు. ప్లాస్టిక్ వంగుతుంది, నాణెం వంగదు, కాబట్టి వేలి కదలిక మొత్తం తీగకు చేరుతుంది. నాణేన్ని బల్లపరుపుగా తగిలిస్తే మెత్తగా, కాస్త తిప్పి అంచు గీతలు తగిలిస్తే గరగరగా, మాటలో హల్లు పలికినట్టు వస్తుంది. బొటనవేలు, వంచిన చూపుడువేలు మధ్య వదులుగా పట్టుకోవాలి. గట్టిగా పడితే తీగలు తెగుతాయి.

మన దగ్గర దీనికి బాగా దగ్గరగా ఉన్నది పాత పావలా. 1970లు, 80లలో వచ్చిన రాగి-నికెల్ 25 పైసల నాణెం వెడల్పు 19 మిల్లీమీటర్లు. చెలామణీ 2011లో ఆగిపోయింది, ఇళ్లలో డబ్బాల్లో ఇంకా దొరుకుతాయి. తర్వాత వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీల్ పావలా వద్దు, అది గట్టిది, తీగల్ని త్వరగా అరగదీస్తుంది. తేడా తెలుసుకోవడానికి అయస్కాంతం పెట్టి చూడండి: స్టీల్ అంటుకుంటుంది, రాగి-నికెల్ అంటుకోదు.

ఆంప్ ఎవరిని చూసి ఎంచుకున్నాడు?

ఐరిష్ గిటారిస్టు రోరీ గల్లఘర్‌ను చూసి. టేస్ట్ బృందంతో లండన్ మార్కీ క్లబ్‌లో వాయించే గల్లఘర్‌ను ఆ శబ్దం ఎలా వస్తోందని నేరుగా అడిగాడు. వాక్స్ ఏసీ30 ఆంప్, దాని ముందు ట్రెబుల్ బూస్టర్ అని గల్లఘర్ దాచకుండా చెప్పాడు. బ్రయాన్ అదే కొన్నాడు, ఆ జత జీవితాంతం ఉండిపోయింది.

పనిచేసే తీరు ఇది. ఆంప్‌లో నార్మల్ ఛానెల్, వాల్యూమ్ పూర్తిగా పైకి. శుభ్రమైన శబ్దం కావాలంటే గిటార్ వాల్యూమ్ తగ్గించడమే, ఆంప్ జోలికి వెళ్లనక్కర్లేదు. బూస్టర్ పైస్థాయిని పెంచి కింది స్థాయిని తగ్గిస్తుంది, దాంతో వాల్వ్‌లు మీద పడ్డ భారానికి శబ్దం బురదగా మారదు.

బూస్టర్ గిటార్ తర్వాత మొట్టమొదట ఉండాలి. దానికి ముందు బఫర్ ఉన్న పెడల్ గానీ వైర్‌లెస్ గానీ పెడితే శబ్దం మరీ కీచుగా వస్తుంది. పాత పద్ధతి జర్మేనియం బూస్టర్లలో పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్‌కు కలిపితే షార్ట్ అవుతుంది. 9 వోల్టుల బ్యాటరీ విడిగా వాడండి.

అపార్ట్‌మెంట్‌లో 30 వాట్ల ఏసీ30 పూర్తిగా పెంచడం కుదిరే పని కాదు. 1 నుంచి 5 వాట్ల వాల్వ్ ఆంప్‌తో ఇదే పద్ధతి పాటించొచ్చు.

బృందాలు ఏ వరుసలో వచ్చాయి?

స్కూల్ రోజుల్లోనే 1964లో గాయకుడు టిమ్ స్టాఫెల్ తదితరులతో ‘1984’ అనే బృందం. మొదటి ప్రదర్శన ఆ ఏడు అక్టోబర్ 28న, ట్వికెన్‌హామ్‌లోని ఒక చర్చి హాల్లో. 1965లో భౌతికశాస్త్రం చదవడానికి ఇంపీరియల్ కాలేజీలో చేరాడు. 1967 మే 13న అదే కాలేజీలో హెండ్రిక్స్ కచేరీకి ముందు వాయించింది ఈ బృందమే.

1968లో స్మైల్. ఇంపీరియల్ నోటీస్ బోర్డు మీద డ్రమ్మర్ కావాలని పెట్టిన ప్రకటనకు వచ్చినవాడు దంతవైద్య విద్యార్థి రోజర్ టేలర్. 1970లో స్టాఫెల్ వెళ్లిపోయాడు, అతని కాలేజీ స్నేహితుడు, స్మైల్ అభిమాని ఫ్రెడ్డీ బల్సారా (తర్వాత ఫ్రెడ్డీ మెర్క్యురీ) గాయకుడయ్యాడు. పేరు క్వీన్‌గా మార్చింది అతనే. బాస్ వాయించే జాన్ డీకన్ 1971లో చేరాడు, మొదటి ఆల్బమ్ 1973 జూలైలో వచ్చింది.

ఫ్రెడ్డీ మన దేశంలో చదివాడంటారు, ఎక్కడ?

మహారాష్ట్రలో, పంచగని సెయింట్ పీటర్స్ స్కూల్లో. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ కుటుంబం వాళ్లది. బడిలోనే హెక్టిక్స్ అనే బృందంలో పియానో వాయించాడు. 1964లో కుటుంబం ఇంగ్లండ్ వచ్చి దిగింది ఫెల్తమ్‌లోనే, బ్రయాన్ ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో. అప్పటికి ఒకరికొకరు తెలియదు.

బ్రయాన్ చదువు వదిలేయడానికి తండ్రి ఒప్పుకున్నాడా?

ఒప్పుకోలేదు. 1968లో డిగ్రీ అయ్యాక, బ్రయాన్ గ్రహాల మధ్య పరుచుకున్న ధూళి కదలికల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. అందుకోసం టెనెరీఫ్‌లో రాత్రులు పరిశీలనలు చేశాడు, 1972లో నేచర్ పత్రికలో వచ్చిన వ్యాసంలో అతని పేరుంది. ఖర్చులకు బడిలో లెక్కలు చెప్పేవాడు. 1974లో అన్నీ వదిలి బృందంతో వెళ్లిపోయాడు. గిటార్ చేసిపెట్టిన తండ్రే ఆ నిర్ణయాన్ని తట్టుకోలేక కొంతకాలం సరిగా మాట్లాడలేదు. తర్వాత న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ కచేరీకి తల్లిదండ్రుల్ని కాంకార్డ్ విమానంలో తీసుకెళ్లాక హెరాల్డ్ మెత్తబడ్డాడు. ఆ విమానం సంబంధిత పనిలో హెరాల్డ్ పాలుపంచుకున్నాడు కూడా. పీహెచ్‌డీ 2007లో పూర్తయింది.

నేనూ ఇలాంటి గిటార్ చేయాలంటే ముందు ఏం చూసుకోవాలి?

ఫ్రెట్ల దూరాలు. చెక్క ఏదైనా పాట పలుకుతుంది, ఫ్రెట్ తప్పితే పలకదు. మిగిలిన పొడవును ప్రతిసారీ 17.817తో భాగించాలి. 24 అంగుళాలంటే 609.6 మిల్లీమీటర్లు, మొదటి ఫ్రెట్ 34.2 దగ్గర, రెండోది అక్కడినుంచి ఇంకో 32.3 దూరంలో. గుర్తులు మాత్రం ఒక్కో ఫ్రెట్ నుంచి తర్వాతదానికి కొలుచుకుంటూ పెట్టొద్దు, చిన్న తేడాలు పోగవుతాయి. అన్ని దూరాలూ జీరో ఫ్రెట్ నుంచే కొలవండి. 12వది 304.8 దగ్గర, 24వది 457.2 దగ్గర పడితే లెక్క సరిగ్గా ఉన్నట్టే.

తర్వాత చెక్క ఆరుదల. పాత తలుపు, కిటికీ చెక్కలు ఇందుకు మంచివే, ఎన్నో ఏళ్లుగా ఆరి ఉంటాయి. కోసేముందు మేకులు లేవని చూసుకోండి. వానాకాలంలో తెచ్చిన కొత్త చెక్కతో నెక్ చేస్తే వేసవికి వంగుతుంది. ఆరు తీగలు కలిసి దాని మీద పెట్టే లాగుడు సన్నటి తీగలతో కూడా 30 కిలోలు దాటుతుంది, కాబట్టి లోపల ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా ఆపే లోహపు కడ్డీ) తప్పనిసరి.